22 వారాలకే ఏడున్నర కిలోలు పెరిగాను, రాత్రి అన్నం మానేయొచ్చా?

మల్లెతీగ | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నాకు 29 ఏళ్లు, మొదటి కాన్పు, ఇప్పుడు 22వ వారం. ఎత్తు 157 సెంటీమీటర్లు. పెళ్లప్పుడు 61 కిలోలు ఉండేదాన్ని, నెల తప్పేనాటికి 70. పోయిన వారం చెకప్‌లో 77.5 చూపించింది. డాక్టరమ్మ ఫైలు చూసి "ఇలాగైతే కష్టమమ్మా, కంట్రోల్ చేసుకోవాలి" అన్నారు. ఏం చేయాలో అడిగేలోపే తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేసింది.

ఇంట్లోనేమో అత్తమ్మ "నువ్విప్పుడు ఒట్టి మనిషివి కావు, ఇద్దరికి తినాలి" అంటూ రెండోసారి అన్నం పెట్టేస్తారు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. పైగా మామిడి కాలం. తల్లిగారింటి నుంచి బంగినపల్లి పెట్టె వచ్చింది, అది మంచం కిందే ఉంది, రాత్రంతా వాసన!

ఆఫీసులో ఒకామె రాత్రిపూట తినకుండా 16 గంటలు ఉంటే బరువు ఆగుతుందని చెప్పింది. అయిదు రోజులుగా సాయంత్రం ఆరున్నర దాటాక ఏమీ ముట్టట్లేదు. ఇవాళ పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్ల మీద కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. ఎవరో కాలేజీ అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చింది. ఇంట్లో చెప్పలేదు. బిడ్డకు ఏమైనా అవుతుందా? మళ్లీ తింటే బరువు పెరుగుతుందేమోనని ఒకటే టెన్షన్.

తార్నాక_వదిన | సోమవారం, రాత్రి 10:58

ముందు లేచి ఏదైనా తిను తల్లీ. పెరుగన్నమో, పాలో. తిన్నాక మిగతాది చదువు.

రెండోది, రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి కళ్లు తిరిగిన సంగతి చెప్పు. రక్తం తక్కువై ఉండొచ్చు, బీపీ పడిపోయి ఉండొచ్చు, ఆకలే కావచ్చు. అది ఇక్కడ కూర్చుని మేం తేల్చేది కాదు. ఇంట్లో కూడా చెప్పు, కనీసం మీ ఆయనకి.

సన్నగా_ఉండాలి | సోమవారం, రాత్రి 11:20

నేను కీటో చేసి రెండు నెలల్లో 6 కిలోలు తగ్గాను. అన్నం పూర్తిగా మానేసి పనీర్, గుడ్లు, నెయ్యి. కావాలంటే చార్ట్ పంపిస్తా, మెసేజ్ పెట్టండి.

నిర్వాహకురాలు | సోమవారం, రాత్రి 11:31

పై సభ్యురాలు గర్భిణి కాదని ఆవిడ పాత పోస్టుల్లోనే ఉంది. ఈ విభాగంలో బరువు తగ్గించే చార్టులు, పొడులు, కషాయాలు పంచకూడదన్నది మన నియమం. ఎవరూ మెసేజ్ పెట్టకండి. ఇంకోసారి ఇలా పెడితే పోస్టు తీసేస్తాను.

కూకట్‌పల్లి_అమ్మమ్మ | మంగళవారం, ఉదయం 5:50

ముగ్గురు పిల్లల్ని కన్నాను, నలుగురు మనవల కాన్పులు చూశాను. మా రోజుల్లో ఈ కిలోల లెక్క ఎవరికి తెలుసమ్మా. కానీ ఒకటి చెప్తా విను. మీ అత్తగారి మాటలో తప్పు లేదు. మా రోజుల్లో కోడలు పొద్దున నాలుగింటికి లేచి నీళ్లు తోడి, పిండి రుబ్బి, పొలానికి అన్నం మోసుకెళ్లేది. అందరూ తిన్నాక మిగిలిందే తినేది. అలాంటి పిల్లకి "ఇద్దరికి తినవే" అని ఎవరైనా అంటే అది ప్రేమ. నువ్వు ఏసీలో కూర్చుని పనిచేస్తావు, నీకు ఆ మాట అతకదు. అంతే. ఆవిడ మీద కోపం పెట్టుకోకు.

పథ్యం_చెప్పే_పిల్ల | మంగళవారం, ఉదయం 9:15

అమ్మమ్మగారి పోస్టుకు వంద లైకులు. నేను డైటీషియన్‌ని, కానీ మీ డాక్టర్‌ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మల్లెతీగ గారూ, మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 28.4 వస్తుంది (70ని 1.57తో రెండుసార్లు భాగించండి). డాక్టర్లు ఎక్కువగా వాడేది అమెరికాలో 2009లో వచ్చిన పట్టిక. దాని ప్రకారం నెల తప్పేనాటి బీఎంఐ 18.5 లోపుంటే తొమ్మిది నెలల్లో 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. 25 లోపుంటే 11.5 నుంచి 16. 25 నుంచి 30 మధ్య అయితే 7 నుంచి 11.5. 30 దాటితే 5 నుంచి 9. మీరు మూడో వరసలో ఉన్నారు. కాకపోతే మన దేశంలో 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేస్తారు, ఎందుకంటే మనవాళ్లకు తక్కువ బీఎంఐకే షుగర్, బీపీ వస్తున్నాయి. అందుకే కొందరు డాక్టర్లు మీలాంటివాళ్లకు ఇంకాస్త తక్కువ అంకె చెప్తారు. ఈసారి వెళ్లినప్పుడు "నాకు మొత్తం ఎన్ని కిలోలు?" అని నేరుగా అడిగి కార్డు మీద రాయించుకోండి.

"పెరగాలి" అన్నమాట గమనించారా? ఏ వరసలోనూ "తగ్గాలి" అని లేదు. ఎక్కువ గంటలు కడుపు మాడిస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, అలా కరిగినప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పెరుగుతాయి, అవి మాయ దాటి బిడ్డకూ చేరతాయి. అయిదు రోజులకే ఏదో అయిపోయిందని భయపడకండి. కానీ ఇవాళ్టితో ఆపేయండి.

ఉప్పల్_సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఇరవై ఏళ్లుగా గర్భిణులను కాటా ఎక్కిస్తున్నదాన్ని, ఒక చిన్న డౌట్ అడుగుతా. ఆ 70 ఏ కాటా మీద చూశారు? 77.5 ఏ కాటా మీద?

మల్లెతీగ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

70 ఇంట్లో డిజిటల్ కాటా మీద, పొద్దున్నే. 77.5 ఆసుపత్రిలో, లంచ్ చేసి వెళ్లాను. ఇప్పుడు తడుతోంది.. హ్యాండ్‌బ్యాగ్ భుజానికే ఉంది సిస్టర్ 🤦‍♀️

ఉప్పల్_సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

అనుకున్నా! బ్యాగులో లంచ్ బాక్సు, నీళ్ల సీసా, ఛార్జరు.. కిలోన్నర అదే ఉంటుంది. కార్డులో మొదటి విజిట్ బరువు ఎంత రాశారో చూడమ్మా. ఇంట్లో కాటా ఒకటి చెప్తుంది, ఆసుపత్రి కాటా ఇంకోటి చెప్తుంది. ఒకే కాటా మీద, చెప్పులు విప్పి, బ్యాగు పక్కన పెట్టి చూసిందే లెక్క. ఇంట్లో చూసుకుంటే వారానికి ఒక్కసారి, పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక. కాటా బండ మీద పెట్టాలి, చాప మీద కాదు. రోజూ ఎక్కితే పిచ్చెక్కుతుంది.

మల్లెతీగ | మంగళవారం, రాత్రి 9:25

కార్డు తీసి చూశాను. తొమ్మిదో వారంలో 71.2 రాసి ఉంది. ఇవాళ ఫోన్ చేస్తే రమ్మన్నారు, వెళ్లొచ్చాను. బ్యాగు లేకుండా 76.3! అంటే పెరిగింది ఏడున్నర కాదు, అయిదు చిల్లర. బీపీ 110/70. హిమోగ్లోబిన్ మాత్రం 10.2. ఐరన్ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగారు. వేసుకుంటున్నాను, పొద్దున టీతోపాటు. అలా వేసుకోకూడదట, నాకెవరూ చెప్పలేదు.

పథ్యం_చెప్పే_పిల్ల | మంగళవారం, రాత్రి 10:02

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 లోపుంటే రక్తహీనతే. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. మాత్రకీ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రకీ ఐరన్‌కీ రెండు గంటలైనా. ఐరన్‌తో నిమ్మరసమో, ఉసిరో, జామకాయ ముక్కో తీసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

బరువు లెక్క: మొదటి మూడు నెలల్లో అరకిలో నుంచి 2 కిలోలు, ఆ తర్వాత మీ వరసలో వాళ్లకు వారానికి 280 గ్రాముల దాకా. 22వ వారానికి 3 నుంచి 4.5 దగ్గర ఉండాలి. మీరు అయిదు చిల్లర. కొంచెం ముందున్నారు, కొంపేం మునగలేదు. ఇక్కడి నుంచి వేగం తగ్గితే చాలు. మామూలుగా రోజంతా ఏం తింటారో దాచకుండా రాయండి, టీలతో సహా.

మల్లెతీగ | మంగళవారం, రాత్రి 10:30

దాచకుండానే రాస్తున్నాను. ఉపవాసం ముందు మాట ఇది. పొద్దున 6:30కి టీ, రెండు బిస్కెట్లు. 9కి మూడు ఇడ్లీలు లేదా రెండు దోసెలు, పల్లీ చట్నీ. 11కి ఆఫీసు టీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు. 4కి టీ, సమోసానో ఉస్మానియా బిస్కెట్లో. ఇంటికొచ్చాక అత్తమ్మ టీ. రాత్రి అన్నం రెండుసార్లు, చారు, వేపుడు. పడుకునేముందు పాలల్లో హార్లిక్స్, రెండు చెంచాల చక్కెర. మామిడిపళ్లు రోజుకి.. రెండు. సరే, మూడు.

పథ్యం_చెప్పే_పిల్ల | బుధవారం, ఉదయం 8:50

నిజం రాసినందుకు థ్యాంక్స్, చాలామంది నా ముందు కూర్చుని కూడా మామిడిపళ్ల దగ్గర నసుగుతారు.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కిలో కేలరీలు. ఇది మామూలు బరువున్న వాళ్లకు చెప్పింది, మీరు దీనికి మించి పోనక్కర్లేదు. ఒక గ్లాసు టోన్డ్ పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు కలిపితే ఆ లెక్క సరిపోతుంది. ఇద్దరికి తినడం అంటే ఇంతే. అందులో దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ కూడా వస్తుంది. ఎన్ఐఎన్ నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు ఎక్కువ ప్రొటీన్ కావాలంటుంది.

ఇప్పుడు మీ టీలు చూడండి. నాలుగు టీలు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే 160 కేలరీలు చక్కెరవే. ఆ అదనంలో సగం అక్కడే పోయింది, బిడ్డకు దక్కింది సున్నా. మీరు మానేయాల్సింది రాత్రి భోజనం కాదు, ఇది. రోజుకు రెండు టీలు, చక్కెర సగం. సమోసా బదులు ఉడకబెట్టిన శనగలో, మొలకలో, గుడ్డో. హార్లిక్స్ మానేసి ఉత్త పాలు తాగండి.

అన్నం మానక్కర్లేదు. ఒక కప్పు కొలిచి పెట్టుకుని, పప్పూ కూరా దానికి రెట్టింపు వేసుకోండి. మీ రోజంతటిలో ఆకుకూర ఒక్కసారి కూడా కనపడలేదు నాకు. తోటకూర పప్పు, మునగాకు పొడి.. మెహదీపట్నం రైతుబజార్లో కట్టలు కట్టలు ఉంటాయి.

నిద్రలేని_నాన్న | బుధవారం, రాత్రి 11:47

ఇక్కడ మగవాళ్లు రాయొచ్చో లేదో తెలియదు. మాది దీనికి పూర్తిగా రివర్స్ కేసు. మా ఆవిడ 54 కిలోలు, వేవిళ్లతో పదో వారానికి 50.5కి వచ్చింది. నీళ్లు తాగినా వాంతే. "మూడో నెల దాటితే అదే తగ్గుతుంది" అని మా రెండువైపులా పెద్దవాళ్లు. నేనూ అదే అనుకున్నా. చివరికి ఒకరోజంతా మూత్రమే సరిగా రాలేదు, వచ్చింది ముదురు రంగులో. అప్పుడు తీసుకెళ్తే మూత్రంలో కీటోన్లు ఉన్నాయని రెండు రోజులు సెలైన్ పెట్టారు. ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే ఆగకుండా రావాలని అక్కడి డాక్టర్ తిట్టారు. మేం దాన్ని ఎప్పుడో దాటేశాం.

తర్వాత పనికొచ్చినవి: మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తినడం, తిండితోపాటు నీళ్లు తాగకుండా మధ్యలో తాగడం, డాక్టర్ రాసిన మాత్ర. పోపు వాసన పడేది కాదు కాబట్టి నేను బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టి వండాను. పక్క ఫ్లాట్ వాళ్లు ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతారు. ఇప్పుడు ఎనిమిదో నెల, 60 కిలోలు.

తార్నాక_వదిన | గురువారం, ఉదయం 7:10

మగవాళ్లు రాయొచ్చు నాన్నా, ఇంకా రాయాలి.

బుజ్జిగాడి_అమ్మ | గురువారం, మధ్యాహ్నం 1:30

అందరూ మెల్లగా పెరిగే బరువు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నా సంగతి కూడా రాయాలనిపించింది. 34వ వారంలో ఒకే వారంలో 2 కిలోలు పెరిగాను. ఇంట్లో అందరూ సంతోషం, "బిడ్డ నిండుగా ఉన్నాడు" అని. గాజులు బిగుసుకుపోయాయి, ఉంగరం సబ్బు రాసినా రాలేదు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. ఫొటోలో కళ వచ్చిందని మురిసిపోయాను కూడా. నాలుగో రోజు తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. వెళ్తే బీపీ 160/110, మూత్రంలో ప్రొటీన్. ప్రీఎక్లాంప్సియా అన్నారు, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు. 35వ వారంలో ఆపరేషన్ చేసి తీశారు. బాబు 2.1 కిలోలు, పది రోజులు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ). ఇప్పుడు మూడేళ్లవాడు, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

హఠాత్తుగా పెరిగిన బరువు కొవ్వు కాదు, నీరు. కాళ్ల వాపు చాలామందికి ఉంటుంది. మొహం, చేతులు వాస్తే, తలనొప్పి తగ్గకపోతే, చూపు మసకైతే, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే రాత్రయినా సరే వెళ్లండి. ఉప్పు తక్కువైందా ఎక్కువైందా అని ఇంట్లో చర్చ పెట్టుకోకండి.

గులాబ్‌జామూన్ | గురువారం, సాయంత్రం 6:15

సందర్భం కాదేమో గానీ.. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడతాడని మా ఆడపడుచు డబ్బా కొనిచ్చింది. బొప్పాయి మాత్రం కంటికి కూడా కనపడనివ్వట్లేదు. నిజమేనా?

కూకట్‌పల్లి_అమ్మమ్మ | గురువారం, సాయంత్రం 6:40

మా పెద్దదానికి డబ్బాడు తాగించాను, నల్లగానే పుట్టింది, బంగారంలా ఉంది. కుంకుమపువ్వు డబ్బులతో గుడ్లు కొనుక్కో.

పథ్యం_చెప్పే_పిల్ల | గురువారం, రాత్రి 8:20

రంగు జన్యువుల్లో ఉంటుంది, పాలల్లో ఉండదు. బొప్పాయి పచ్చిది, దోరది వద్దు, దానిలోని పాలతో గర్భసంచి బిగుసుకునే ప్రమాదం ఉంటుందంటారు. బాగా పండింది నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదు. ఇంట్లో గొడవ అవుతుందంటే జామ తినండి, దానికెవరూ అడ్డు చెప్పరు. ఇంకో మాట, పుణ్యానికి ఎవరో ఇచ్చారని లివర్ రోజూ తినకండి, విటమిన్ ఎ మరీ ఎక్కువైనా ప్రమాదమే.

మల్లెతీగ | మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 11:05

అందరికీ అప్‌డేట్. 25వ వారంలో గ్లూకోజ్ నీళ్లు తాగించి (75 గ్రాములు, కక్కకుండా ఆపుకోవడమే పెద్ద పరీక్ష) రెండు గంటలకు రక్తం తీశారు. 152 వచ్చింది. 140 దాటితే గర్భిణుల షుగర్ అట. రెండు వారాలు తిండితో చూద్దాం, తగ్గకపోతే మందు అన్నారు. బరువు 76.9. ఇంటికొచ్చి గంటసేపు ఏడ్చాను. నేను తిన్న మామిడిపళ్ల వల్లే కదా?

ఉప్పల్_సిస్టర్ | శనివారం, మధ్యాహ్నం 12:20

కాదు తల్లీ. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. కొందరి ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది, కొందరిది చేయలేదు. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది. మీ అమ్మకో నాన్నకో షుగర్ ఉందా?

మల్లెతీగ | శనివారం, మధ్యాహ్నం 12:31

ఇద్దరికీ 😔

పథ్యం_చెప్పే_పిల్ల | శనివారం, మధ్యాహ్నం 3:00

అయితే మామిడిపండును నిర్దోషిగా వదిలేద్దాం, కానీ బెయిలు మీదే. చిన్న పండులో సగం, అదీ భోజనంతో కాకుండా నాలుగింటికి గుప్పెడు పల్లీలతో. షుగర్ అదుపులోకి వచ్చాకే. జ్యూస్ అసలే వద్దు.

బెల్లం, తేనె మంచివని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, రక్తంలోకి వెళ్లాక రెండూ చక్కెరే. జొన్న రొట్టెలో పీచు ఉంటుంది, మంచిదే, కానీ నాలుగు రొట్టెలు తింటే అదీ పిండే కదా. రాగి జావ కూడా అంతే. కాల్షియం బాగా ఉంటుంది గానీ పల్చటి జావ గబగబా తాగితే షుగర్ పైకి లేస్తుంది. రాగి సంకటో రొట్టెనో పప్పుతో తినండి. పొద్దునపూట హార్మోన్ల ప్రభావం ఎక్కువ కాబట్టి టిఫిన్ తేలిగ్గా చేయండి. మూడు ఇడ్లీల బదులు ఒక పెసరట్టు, గుడ్డు. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక. ఈ ఎండల్లో పార్కులక్కర్లేదు, అపార్ట్‌మెంట్ కారిడార్లో నడవండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి.

భోజనం మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు. మూడు పూటలు, మధ్యలో మూడు చిన్న తిళ్లు.

మల్లెతీగ | ఇంకో మూడు వారాల తర్వాత, మంగళవారం, రాత్రి 9:50

28వ వారం. పరగడుపున 88, టిఫిన్ తర్వాత 116. మందు అక్కర్లేదన్నారు! బరువు 77.6, హిమోగ్లోబిన్ 10.9. స్కానింగులో బిడ్డ ఎదుగుదల బాగుంది.

అత్తమ్మను రెండోసారి చెకప్‌కి నాతోపాటు తీసుకెళ్లాను, అది అమ్మమ్మగారి పోస్టు చదివాక వచ్చిన ఆలోచన. నేను నెల రోజులు చెప్పినా వినలేదు గానీ డాక్టరమ్మ ఒక్క ముక్క అనేసరికి వినేశారు. ఇప్పుడు స్టీల్ కప్పుతో అన్నం కొలిచి పెట్టేది ఆవిడే. నేను ఇంకో చెంచా వేసుకుంటే "కప్పు దాటింది" అంటున్నారు! తోటకూర, బచ్చలి, గోంగూర రోజు మార్చి రోజు. మామయ్యకు కూడా అదే పెడుతున్నారు, ఆయన నా వైపు దీనంగా చూస్తున్నారు.

ఒక్క డౌట్. వచ్చే ఆదివారం సీమంతం. మా అమ్మ రెండు కిలోల బియ్యం నానబోసి చలిమిడి చేస్తుందట, బెల్లం పాకం, కొబ్బరి, నెయ్యి. కడుపు చలవ కోసం తినాల్సిందే అంటోంది. ఏం చేయను?

కూకట్‌పల్లి_అమ్మమ్మ | మంగళవారం, రాత్రి 10:04

చలిమిడి ఒడిలో పెట్టించుకోవాలి, వచ్చిన ముత్తైదువులకు పంచాలి. రెండు కిలోలూ నువ్వే తినాలని ఏ శాస్త్రంలో ఉందే? గోరంత నోట్లో వేసుకో. మిగతాది కూకట్‌పల్లి పంపు, నాకు షుగర్ లేదు.